యాదవగిరిలో ఎనిమిది కిటికీల గది

మైసూరులో టీచర్ ట్రైనింగ్ ఇచ్చే రీజనల్ కాలేజీలో చదివిన మనవాళ్లకు, ఆ ఊళ్లోని యాదవగిరి అంటే ఆకాశవాణి గుర్తొస్తుంది. అక్కడే వివేకానంద రోడ్డులో ఇంగ్లీషు నవలాకారుడు ఆర్.కె.నారాయణ్ ఇల్లుంది. 2016 నుంచి అది మ్యూజియం. కాలేజీ ఉన్న మానసగంగోత్రి నుంచి ఆటో ఎక్కితే ఉత్త 'మ్యూజియం' అనకండి, ఇంకెక్కడికో తీసుకెళ్తాడు. 'యాదవగిరి, ఆర్.కె.నారాయణ్ మనె' అనండి (మనె అంటే కన్నడంలో ఇల్లు). టికెట్ లేదు. మంగళవారం సెలవు, మిగతా రోజుల్లో పది నుంచి అయిదు దాకా తెరిచి ఉంటుంది.

ఆయన లేచి వెళ్లిన కుర్చీ, సగం రాసిన కాగితం అలాగే ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. 2011లో ఈ ఇంటిని కూల్చడం మొదలైపోయింది. పత్రికల్లో గగ్గోలు పుట్టాకే ఆగింది. ఆ తర్వాత నగరపాలక సంస్థ కొని బాగుచేయించింది. కాబట్టి లోపల కనిపించేవి గోడల మీద ఫొటోలు, అవార్డులు, పుస్తకాలు, కొన్ని దుస్తులు. కింద పావుగంట చాలు.

ఇంకో పొరపాటు కూడా మామూలే. ఆయన తొలి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ఇక్కడ పుట్టిందనుకుంటారు. అది 1935 నాటిది, ఈ ఇల్లు 1950ల మొదట్లోది. 'గైడ్' నవల రాసింది అమెరికాలో, బర్క్లీ హోటల్ గదిలో. ఆయన కథల్లోని ఊహా పట్టణం మాల్గుడి, టీవీలో చూసిన దాని వీధులేమో కర్ణాటకలోని ఆగుంబె ఊరివి!

అసలు చూడాల్సింది మేడమీద గది. గోడలోంచి ముందుకు గుండ్రంగా పొడుచుకొచ్చి, చుట్టూ ఎనిమిది కిటికీలతో ఉంటుంది. రాసుకోవడానికని నారాయణ్ కోరి కట్టించుకున్నది. కుటుంబం లక్ష్మీపురంలో అద్దింట్లో ఉండగా, మొదట్లో ఆయన రాతపని కోసం ఇక్కడికి వచ్చేవారు. దక్షిణాన చాముండి కొండ, తూర్పున గోపురాలు, చుట్టూ మేసే ఆవులు గొర్రెలు, వాలు మీదుగా పోయే రైళ్లు. ఇన్ని కనిపిస్తుంటే కలం కదిలేదెలా? చివరికి బూడిదరంగు పరదా వేసి ఆ దృశ్యమంతా మూసేస్తే గానీ రోజుకు వెయ్యి మాటలు సాగలేదట. ఇది ఆయనే రాసుకున్న సంగతి.

అందుకే గదిలోకి వెళ్లగానే ఫోన్ తీయకండి. ముందు కిటికీలు లెక్కపెట్టండి, ఒక్కోదాని ముందూ కాసేపు నిలబడండి. మేసే పశువులు ఇప్పుడెలాగూ లేవు, చుట్టూ ఇళ్లు లేచాయి. ఆయన్ను పని చేసుకోనివ్వని దిక్కు ఏదై ఉంటుందో మీరే తేల్చుకోండి. నా ఓటు రైళ్లకే.