శాంతినికేతన్ చీనా భవనలో ఒక పూట

ఫలక్‌నుమాలో హౌరా చేరడం, అక్కడ రాత్రి గడపడం, పొద్దున్నే బోల్పూర్ రైలెక్కడం గురించి నేను కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. చెప్పవలసినది బోల్పూర్ స్టేషను బయట, టోటోల వరుస దగ్గర మొదలవుతుంది. 2023లో యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన నాటి నుండి ఈ బ్యాటరీ బండ్లవారు అడిగే రేట్లకు హద్దు లేకుండా పోయిందని, అక్కడ పరిశోధన చేస్తున్న మా పిన్ని కూతురు ముందే హెచ్చరించింది. ఆమె చెప్పిన రేటుకు దాదాపు రెట్టింపు అడిగినవాడు, నేను విశ్వభారతి విశ్వవిద్యాలయంలో చీనా భాష నేర్పే చీనా భవనకు వెళ్లాలనగానే బేరం మరచిపోయి నా మీద జాలిపడ్డాడు. అక్కడ చూడడానికి ఏమీ లేదనీ, సోనాఝురి సంతకు తీసుకువెళితే కాంతా కుట్టు చీరలు, డోక్రా బొమ్మలు, బావుల్ పాటలు అన్నీ ఒకేచోట దొరుకుతాయనీ, దారిలో కోపాయి నది కూడా చూపిస్తాననీ హిందీలో ఎంతో ఓపికగా నచ్చజెప్పాడు. నేను లొంగకపోయేసరికి, "చైనావాళ్లతో మీకేం పని దాదా?" అని నిట్టూర్చి బండి తీశాడు.

అది ఆదివారం. వారపు సెలవు బుధవారం పాటించే చోటు కనుక తరగతులు మామూలుగానే జరుగుతున్నాయి. చెల్లెలు వెంట ఉండబట్టి లోపలికి వెళ్లడం తేలికైంది. లేకపోతే బయటి నుండే చూసి తిరిగి రావలసి వచ్చేది.

ఆ భవనం వెనుక ఉన్న మనిషి పేరు తాన్ యున్-షాన్. చైనాలోని హునాన్‌లో 1898లో పుట్టిన ఆయన 1927లో సింగపూరులో రవీంద్రుని కలిశాడు. మరుసటి ఏడే శాంతినికేతన్ వచ్చి, చీనా భాష నేర్పుతూ తాను సంస్కృతం నేర్చుకోసాగాడు. విశ్వభారతి ఖర్చుల కోసం కవి ముసలితనంలో కూడా నాట్యబృందంతో ఊరూరా తిరుగుతున్న రోజులవి. ఒక భాషకు ప్రత్యేకంగా భవనం కట్టే స్తోమత ఎక్కడిది? అందుకని తాన్ స్వదేశానికి వెళ్లి పెద్దలను కదిలించి, 1933లో నాన్‌జింగ్‌లో చీనా-భారత సాంస్కృతిక సంఘాన్ని నిలబెట్టి, డబ్బూ పుస్తకాలూ కూడగట్టుకు వచ్చాడు. 1937 ఏప్రిల్ 14న, బెంగాలీ సంవత్సరాది నాడు, చీనా భవన ప్రారంభమైంది. అనారోగ్యం వల్ల రాలేకపోయిన నెహ్రూ సందేశాన్ని ఇందిర చదివింది. మూడు నెలలు తిరగకముందే చైనా మీద జపాను పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. ఆ తరువాత 1942లో చైనా నాయకుడు చియాంగ్ కై-షేక్ శాంతినికేతన్‌కు వచ్చాడు, 1957లో చైనా ప్రధాని చౌ ఎన్-లై వచ్చి విశ్వభారతి ఇచ్చే దేశికోత్తమ బిరుదు అందుకున్నాడు, 1962లో సరిహద్దు మీద యుద్ధమే వచ్చింది. ఇన్నింటి నడుమ ఈ భవనం మూతపడకపోవడమే నాకు అన్నిటికంటే పెద్ద విశేషంగా తోచింది.

టోటోవాడికి కనబడని విశేషాలు గోడల మీద ఉన్నాయి. బుద్ధుని స్తూపం ముందు పూజ చేయరాదన్న రాజాజ్ఞను ధిక్కరించి, ఆ స్తూపం ఎదుటే నాట్యమాడి ప్రాణం పోగొట్టుకున్న శ్రీమతి అనే నర్తకి కథను, రవీంద్రుని 'నటీర్ పూజ' నాటకం నుండి తీసుకుని చిత్రకారుడు నందలాల్ బోస్ 1942లో ఇక్కడ చిత్రించాడు. 1924లో కవి వెంట చైనా వెళ్లి వచ్చినవాడాయన. ఆ 1942లోనే వినోద్ బిహారీ ముఖర్జీ ఆశ్రమంలోని రోజువారీ జీవితాన్ని మరో గోడకెక్కించాడు. పుట్టుకతోనే చూపు అంతంత మాత్రమైన ఆ చిత్రకారుడు అంతంత గోడల మీద మనుషులను అంత హాయిగా ఎలా నడిపించాడో, దగ్గరకు వెళ్లి చూసినా అంతుపట్టలేదు.

అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి అద్దాల బీరువాలలోని చీనా పుస్తకాలు. నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినదని చెప్పే 'సుహృల్లేఖ' సంస్కృత మూలం ఈనాడు మనకు దక్కలేదు. చీనా, టిబెటన్ అనువాదాలలోనే అది మిగిలింది. చీనాలోకి దానిని తెచ్చినవారిలో ఒకడైన చీనా బౌద్ధ యాత్రికుడు ఇత్సింగ్, భారతదేశంలో చదువు మొదలుపెట్టిన కొద్ది కాలానికే ఈ లేఖను కంఠస్థం చేస్తారని ఏడవ శతాబ్దంలో రాసిపెట్టాడు. మన రాజుకు రాసిన ఉత్తరాన్ని చదవడానికి మనం చీనా భాష నేర్చుకోవలసి రావడం తలచుకుంటే, తాన్ పడ్డ శ్రమలో కొంత మన అమరావతి కోసం, మన నాగార్జునకొండ కోసం కూడా పడ్డట్టే అనిపించింది. హైదరాబాదు తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) గేటు ముందు నుండి ఎన్ని ఏళ్లు బస్సులో వెళ్లానో లెక్కలేదు. 1958లో ఇంగ్లీషు బోధన కోసం వెలసి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై, ఎన్నో విదేశీ భాషలు నేర్పుతున్న ఆ చోటి గురించి నాకు ఒక్కనాడూ ఇటువంటి ఆలోచన రాలేదు.

ఈ ధోరణిలోనే బయటి మెట్ల మీద కూర్చున్న ఒక విద్యార్థిని పలకరించాను. వీర్‌భూమ్ జిల్లా పల్లెటూరి కుర్రవాడు. చేతిలో గళ్ల కాగితాల పుస్తకం, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరం, అదే అక్షరం పేజీ నిండా. బౌద్ధ గ్రంథాలు చదివే ఉద్దేశం ఉందా అని అడిగితే మర్యాదగా నవ్వాడు. తన సీనియర్ ఒకడు నోయిడాలో ఫోన్లు తయారుచేసే కర్మాగారంలో దుబాసీగా చేరాడనీ, చైనా నుండి వచ్చిన ఇంజనీర్లు చెప్పింది మనవాళ్లకు, మనవాళ్లు చెప్పింది వాళ్లకు చేరవేయడమే పని అనీ, తాను కూడా అటువంటి ఉద్యోగం కోసమే చదువుతున్నాననీ చెప్పాడు. నాకు కాస్త చిరాకు కలిగిన మాట నిజం. కానీ పెనుకొండలో కియా కార్ల కర్మాగారం వచ్చాక అక్కడ కొరియా భోజనశాలలు వెలిసినప్పుడు, కొరియన్ నేర్చుకున్న మన పిల్లలను మెచ్చుకున్నవాడిని నేనే; వీర్‌భూమ్ కుర్రవాడు మాత్రం నాగార్జునుని కోసం చదవాలని కోరుకోవడం ఏమి న్యాయం? పైగా తాన్ కూడా వచ్చీరాగానే ఒక బడిపంతులు పనే చేశాడు కదా.

నేను ఆంధ్రవాడినని తెలియగానే ఆ అబ్బాయి పుస్తకం మూసి, తడ దగ్గరి పారిశ్రామిక వాడ శ్రీసిటీ గురించి అడగడం మొదలుపెట్టాడు. 2015 నుండే అక్కడ చైనా బ్రాండు ఫోన్లు తయారవుతున్న సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు. అతనికి కావలసినవి వేరే: ఏ స్టేషనులో దిగాలి, గది అద్దె ఎంత ఉంటుంది, చేపలు దొరుకుతాయా. తడలో గానీ సూళ్లూరుపేటలో గానీ దిగవచ్చని, పులికాట్ సరస్సు పక్కనే ఉండగా చేపలకు కొదవ లేదని చెప్పాను. అద్దె సంగతి నాకు తెలియదు కనుక, సూళ్లూరుపేటలో ఉండే మా బావమరిదికి అక్కడి నుండే ఫోను కలిపి, స్పీకరు పెట్టి ఇద్దరి మధ్యా దుబాసీగా కూర్చున్నాను.