పెరట్లో స్విమ్మింగ్ పూల్: పర్మిట్ డ్రాయింగులు నేనే గీసుకున్నాను

డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న మా శివారు ఊళ్ళో పెరట్లో పూల్ కట్టాలంటే సిటీ పర్మిట్ ఉండాలి. దానితో పాటు కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) అనుమతి కూడా ఉండాలి. మొత్తం పని ఒకే పూల్ కంపెనీకి అప్పజెప్తే డ్రాయింగులు కూడా వాళ్ళే గీసి సిటీకి పెట్టేస్తారు. మేము తవ్వకం, కాంక్రీటు, ప్లంబింగ్, కరెంటు పనులు విడివిడిగా ఇచ్చుకున్నాం కాబట్టి డ్రాయింగులు మా మీద పడ్డాయి. నేను విజయవాడలో సివిల్ డిప్లొమా చదివి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేశాను. డ్రాయింగ్ బోర్డు వదిలేసి చాలా ఏళ్ళయినా స్కేలు, ప్లాను, సెక్షన్ (నిలువుకోత బొమ్మ) అంటే బెదురు లేదు. స్ట్రక్చరల్ షీటు మాత్రం లైసెన్స్ ఉన్న ఇంజనీరు చేత గీయించి సీలు వేయించాం. మిగతా షీట్లు లిబ్రేక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నేనే గీశాను.

అసలు పూల్ గీయడానికి పెద్దగా సమయం పట్టలేదు. 28 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, ఒక చివర మూడున్నర అడుగుల లోతు, రెండో చివర ఐదున్నర. సగటు లోతు నాలుగున్నర అనుకుంటే నీళ్ళు దాదాపు 13,200 గ్యాలన్లు, అంటే మన లెక్కలో 50 వేల లీటర్లు. డైవింగ్ బోర్డు వద్దని ముందే అనుకున్నాం. సిటీ వాళ్ళు చూసేది ఈ దీర్ఘచతురస్రాన్ని కాదు. దాని చుట్టూ ఉన్నవాటిని చూస్తారు. పర్మిట్ డ్రాయింగు ఎవరైనా సొంతంగా గీయాలనుకుంటే మొదట బుర్రకెక్కించుకోవాల్సింది ఇదే.

అన్నిటికీ ఆధారం సర్వే కాపీ. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే మా దగ్గర ఉంది. కానీ దాని తర్వాత పాత యజమాని పెరట్లో కాంక్రీటు వేయించి, ఒక షెడ్డు కూడా పెట్టించుకున్నారు. అందుకే కొత్త సర్వే చేయించాం. డబ్బు ఖర్చయినా ఆ నిర్ణయం నాకు తృప్తినిచ్చింది. స్థలం మూలల్లో పాతిన ఇనుప రాడ్లు, హద్దుల కోణాలు, బిల్డింగ్ లైను, వెనకవైపు 10 అడుగుల యుటిలిటీ ఈజ్‌మెంట్ అన్నీ అందులో స్పష్టంగా వచ్చాయి. ఈజ్‌మెంట్ అంటే ఆ స్థలం మనదే, గడ్డి కోసేదీ మనమే, పన్ను కట్టేదీ మనమే. కాకపోతే కరెంటు, కేబుల్, గ్యాస్ కంపెనీలకు అక్కడ తవ్వుకునే హక్కు ఉంటుంది. అక్కడ పూల్ గోడ రాకూడదు.

మా ఇంటి వెనక గోడ నుంచి వెనక ఫెన్స్ దాకా 42 అడుగులు. అందులో ఈజ్‌మెంట్‌కి 10 పోయింది. పూల్‌కి 14, పూల్ కాంక్రీటు గోడ మందంతో కలిపి వెనక ఖాళీకి 2 తీస్తే, ఇంటికీ నీళ్ళ అంచుకీ మధ్య 16 అడుగులు మిగిలాయి. సెట్‌బ్యాక్‌ని, అంటే వదలాల్సిన ఖాళీ దూరాన్ని, నీళ్ళ అంచు నుంచి కొలుస్తారా, కాంక్రీటు బయటి ముఖం నుంచి కొలుస్తారా అన్నది ముందే ఫోన్ చేసి అడిగి తెలుసుకోవాలి. ఊరు ఊరికీ పద్ధతి మారుతుంది. మా ఊళ్ళో బయటి ముఖం నుంచి. ఇరుకు పెరట్లో ఆ ఒక్క అడుగు తేడాతో పూల్ సైజే మారిపోవచ్చు.

11 అంగుళాలు × 17 అంగుళాల కాగితం మీద, అంగుళానికి 10 అడుగుల స్కేలులో మా స్థలమంతా చక్కగా పట్టింది. స్కేలు అంకెల్లో రాయడంతో పాటు గీత స్కేలు కూడా పెట్టండి. ఎవరైనా పీడీఎఫ్‌ని కాగితానికి సరిపడా కుదించి ప్రింట్ తీస్తే అంకెల స్కేలు పనికి రాదు. గీత స్కేలు మాత్రం డ్రాయింగుతో పాటే కుదించుకుపోతుంది కాబట్టి కొలత తప్పదు.

మట్టి విషయం మన గుంటూరు, కర్నూలు వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. ఇక్కడిదీ నల్లరేగడే. ఎండకి పగుళ్ళిచ్చి, వానకి ఉబ్బుతుంది. అలాంటి నేలలో కాంక్రీటు తొట్టె కదలకుండా ఉండాలంటే స్టీలు ఎంత దూరంలో కట్టాలి, గోడ మందం ఎంత, కింద ఏం చెయ్యాలి అన్నది ఇంజనీరు మట్టి రిపోర్టు చూసి తేల్చాల్సిన పని. ఇంటి పునాది అడుగు నుంచి 45 డిగ్రీల గీత కిందికి గీసి, మా తవ్వకం ఆ గీతని తాకదని సెక్షన్‌లో చూపించాను. మనం తవ్వే గొయ్యి పునాది కింద మట్టిని వదులు చెయ్యదని చెప్పే గీత అది.

నేను ఎక్కువ కూర్చున్నది డ్రైనేజీ షీటు మీద. ఇక్కడ ఇళ్ళ స్థలాల వాలుని ఎఫ్‌హెచ్‌ఏ (కేంద్ర గృహ సంస్థ) పద్ధతిలో ఎ, బి, సి అని విభజిస్తారు. మాది ఎ రకం. పెరట్లో పడ్డ వాన నీరంతా ఇంటికి రెండు పక్కలా ఉన్న చిన్న పల్లాల గుండా ముందు రోడ్డు మీదికి రావాలి. పెరటి మధ్యలో పూల్, దాని చుట్టూ డెక్ (నడిచే గచ్చు) వస్తే ఆ నీటికి దారి మూసుకుపోతుంది. ఇంటి ఫ్లోరు ఎత్తుని 100 అనుకుని, లేజర్ లెవెల్‌తో పెరడంతా ఎత్తులు తీసుకుని డ్రాయింగులో రాశాను. డెక్ వాలు పూల్ నుంచి బయటికి ఉండేలా, అంచున డెక్ డ్రెయిన్ పెట్టి, దాని పైపు పక్క పల్లంలోంచి ముందుకు పోయేలా బాణాలతో చూపించాను. టెక్సస్ వాటర్ కోడ్ 11.086 సెక్షన్ ప్రకారం, వాన నీటి సహజ దారిని మళ్ళించి పక్కవాళ్ళ ఆస్తికి నష్టం చెయ్యకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, మా పూల్ వల్ల పక్కింటి వాళ్ళ పునాది దగ్గర నీళ్ళు నిలిస్తే నాకు నిద్ర పట్టదు.

ఫిల్టర్ విషయంలో కార్ట్రిడ్జ్ రకం ఎంచుకున్నాం. ఇసుక ఫిల్టర్ అయితే దాన్ని కడిగిన బ్యాక్‌వాష్ నీళ్ళు ఎక్కడికి పోతాయో చూపించాలి. కార్ట్రిడ్జ్‌కి ఆ గొడవ లేదు, బయటికి తీసి కడిగి పెట్టేయడమే.

కరెంటు షీటుకి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 680వ ఆర్టికల్ ఆధారం. ప్లగ్ పాయింట్లు పూల్ లోపలి గోడకి కనీసం 6 అడుగుల దూరంలో, జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే పరికరం) రక్షణతో ఉండాలి. పూల్ స్టీలు, చుట్టూ డెక్, పంపు మోటారు అన్నిటినీ 8 గేజ్ ఒంటిపోగు రాగి తీగతో కలిపెయ్యాలి. ఎక్కడ తాకినా ఒకే వోల్టేజ్ ఉండాలన్నది దీని ఉద్దేశం. తడి కాళ్ళతో పిల్లలు తిరిగే చోట ఇంతకంటే ముఖ్యమైన తీగ ఇంకొకటి లేదు. మా వీధిలో కరెంటు లైన్లు భూమిలోనే ఉన్నాయి కాబట్టి తల మీది తీగల దూరం ప్రశ్న రాలేదు. ఆ మాటే షీటు మీద నోట్‌గా రాశాను.

పూల్ అడుగున డ్రెయిన్లు రెండు, వాటి మధ్య 3 అడుగుల దూరం. ఒక్కటే ఉండి దానికి మనిషి శరీరం అడ్డుపడితే పంపు లాగే బలానికి విడిపించుకోవడం కష్టం. 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప హాట్ టబ్ డ్రెయిన్‌కి అలాగే చిక్కుకుని చనిపోయింది. డ్రెయిన్ మూతల మీద 2007లో వచ్చిన కేంద్ర చట్టానికి ఆ పాప పేరే పెట్టారు. ఆ చట్టం ప్రమాణానికి సరిపోయే మూత మోడల్ నంబరు కూడా డ్రాయింగులో రాశాను.

ఇక ఫెన్స్. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్ళలో మునిగిపోవడమే. మా చిన్నది ఆ వయసులోనే ఉంది. డ్రాయింగు వీడియో కాల్‌లో చూపిస్తే నరసరావుపేట నుంచి మా అమ్మ అడిగిన మొదటి మాట, "అంతా బాగుంది గానీ, గట్టేదే?" మా పెరటి బావికి నడుం ఎత్తు గట్టు ఉండేది మరి.

మా చుట్టూ ఉన్న 6 అడుగుల సెడార్ చెక్క ఫెన్స్ ఎత్తు చాలు. కానీ ఒక పక్కన దాని అడ్డ పట్టీలు బయటికి, అంటే పక్కింటి వైపుకి ఉన్నాయి. పట్టీల మధ్య దూరం 45 అంగుళాల కంటే తక్కువైతే అవి పూల్ వైపే ఉండాలని రూలు. బయట ఉంటే పిల్లలకి నిచ్చెన అయిపోతాయి. పైగా ఇంటి గోడే ఒక పక్క అడ్డుగా లెక్కేస్తే, పెరట్లోకి తెరుచుకునే తలుపులకు అలారంలు పెట్టాలి. ఇవన్నీ బేరీజు వేసుకుని, పూల్ చుట్టూనే నిలువు కడ్డీల అల్యూమినియం ఫెన్స్ వేద్దామని నిర్ణయించుకున్నాం. ఎత్తు 48 అంగుళాలు, కడ్డీల మధ్య 4 అంగుళాల లోపు ఖాళీ, గేటు బయటికి తెరుచుకుని తనంతట తనే మూసుకుని గడియ పడేది, గడియ గేటు కంటే పైకి, 54 అంగుళాల ఎత్తున. ఇదే అసలు అడ్డు అని షీటు మీద రాసేసరికి పక్కింటి ఫెన్స్ ప్రశ్న, తలుపుల ప్రశ్న రెండూ పోయాయి. ఖర్చు పెరిగింది. అయినా మళ్ళీ కట్టినా ఇలాగే కడతాను.

ఫెన్స్ బయట 36 అంగుళాల దాకా ఎక్కడానికి వీలైన వస్తువేదీ ఉండకూడదని కూడా కోడ్‌లో ఉంది. అందుకని పంపు, ఫిల్టర్ పెట్టే కాంక్రీటు దిమ్మని ఇంటి పక్క గోడ దగ్గరికి జరిపాను. అక్కడ పాత యజమాని గ్రిల్లు కోసం వేయించిన గ్యాస్ పైపు ఉంది. తవ్వే ముందు 811 నంబరుకి ఫోన్ చేస్తే భూమిలో ఉన్న కంపెనీల లైన్లకే గుర్తులు పెడతారు, మీటరు దాటాక ఇంటివాళ్ళు వేసుకున్న పైపులకి పెట్టరు. వేరే మనిషిని పిలిచి ఆ పైపు ఎక్కడుందో పట్టించి, డ్రాయింగులో గీశాను.

హెచ్‌ఓఏ వాళ్ళు అడిగింది ఒక్కటే, పంపు వీధిలోకి కనపడకుండా పొదలు నాటాలని. సిటీ రివ్యూ నుంచి కొన్ని ప్రశ్నలు వచ్చాయి. డెక్ డ్రెయిన్ పైపు చివర ఎత్తు రాయమన్నారు, గేటు వివరం పెద్ద స్కేలులో గీయమన్నారు. మార్చిన చోటల్లా చుట్టూ మేఘంలాంటి గీత గీసి, పక్కన రివిజన్ నంబరు వేసి, ప్రతి ప్రశ్న కిందా ఏ షీటులో జవాబుందో ఉత్తరంలో రాసి మళ్ళీ పెట్టాను. రివ్యూ చేసేవాళ్ళకి వెతుక్కునే పని తగ్గితే మన ఫైలు త్వరగా కదులుతుంది. ఆ తర్వాత పర్మిట్ వచ్చింది.

సిటీ ముద్ర వేసిన సెట్టు పని జరిగే చోట ఎప్పుడూ ఉండాలి. ప్లంబింగ్ వాళ్ళు వచ్చిన రోజున పంపు దిమ్మని పూల్ దగ్గరికి జరిపితే పైపు కలిసొస్తుందని అడిగారు. వాళ్ళు చూపించిన చోటు ఫెన్స్‌ని ఆనుకుని ఉంది. డ్రాయింగు తెరిచి 36 అంగుళాల గీత చూపించాను. మేస్త్రీ టేపు పట్టి కొలుచుకుని, మారు మాట్లాడకుండా డ్రాయింగులో ఉన్న చోటే సున్నంతో గుర్తు పెట్టాడు.