బంతి మొక్క తల తుంచాక

బెంగళూరు మారతహళ్లిలో మా మేడ మీద కుండీల్లో బంతి మొక్కలు జానెడు పెరిగి ఒంటి కాడతో నిటారుగా నిలబడిపోయాయి, ఇక లాభం లేదని మూడో జత ఆకుల పైన చిగురు గోటితో గిల్లేశాను. మొదట మనసొప్పలేదు, నిజం. కొనమొగ్గలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని అణిచి ఉంచుతుంది, ఆ కొన పోతే అవి లేస్తాయి. నాలుగైదు రోజులు మొక్క అలిగినట్టు కదల్లేదు, నాకేమో ఒకటే టెన్షన్. వారం దాటాక చూస్తే ప్రతి ఆకు మొదట్లోనూ ఆవగింజంత పచ్చటి మొగ్గ! ఇప్పుడు ఒక్కో మొక్కకు ఆరు కొమ్మలు. పూత కాస్త ఆలస్యమవుతుంది, కానీ పూలు ఎక్కువ. పూమొగ్గ తొడిగాక మాత్రం గిల్లకండి.