అద్దె పెరిగింది, అడగాల్సింది ఎవర్ని?

మా గోడ గడియారం ఏడేళ్ళుగా ఫ్రిజ్ మీదే ఉంటోంది, గోడకి ఆనించి. మేకులు కొట్టొద్దని చేరినరోజే చెప్పారు ఓనర్, సరేనన్నాం. ఫ్రిజ్ తలుపు కాస్త గట్టిగా వేస్తే అది జారి వెనకాల పడుతుంది, మళ్ళీ తీసి నిలబెడతాం. మొన్న రాత్రి ఓనర్ మెసేజ్ పెట్టారు, వచ్చే నెల నుంచి అద్దె ఇంత, కుదరకపోతే ముందే చెప్పండి అని. మా ఆవిడ ఆ నంబర్ చూసి ఏం మాట్లాడలేదు, లోపలికెళ్ళి కిందటిసారి ఇల్లు మారినప్పటి అట్టపెట్టెలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టింది.

ఓనర్ మీద నాకు కోపం లేదు, ఆయన లోన్ ఆయనకుంది. నాకు మింగుడుపడనిది ఏంటంటే ఎవరికి చెప్పినా "మార్కెట్ అలా ఉంది, ఎవరేం చేస్తారు" అనడం. ఏ స్థలంలో ఎన్ని అంతస్తులు వెయ్యొచ్చు, ఏ పొలం ఎప్పుడు ప్లాట్లవుతుంది, ఏళ్ళ తరబడి ఖాళీగా పెట్టుకున్న జాగా మీద పన్ను వెయ్యాలా వద్దా, బస్సు ఎక్కడిదాకా వెళ్ళాలి, ఇవన్నీ ఎవరో ఒకరు ఫైల్ మీద సంతకం పెడితేనే కదా జరిగేది. ప్రభుత్వమే తన స్థలాన్ని వేలం వేసి ఎక్కువ పాడినవాళ్ళకి ఇచ్చేస్తే మర్నాటి నుంచి చుట్టుపక్కల అందరూ చెప్పే రేటు అదే. అలాంటప్పుడు ధరలు వాటంతటవే పెరిగాయంటే నేనెలా ఒప్పుకోను?

పైగా చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జనం ఇళ్ళు లేక అల్లాడుతుంటే అక్కడి నగర పాలకులు 1923లో ఇళ్ళ కోసమే ఒక పన్ను పెట్టారు, పెద్ద ఇళ్ళ వాళ్ళకి ఎక్కువ, చిన్న ఇళ్ళ వాళ్ళకి తక్కువ, ఆ డబ్బూ మిగతా పన్నుల డబ్బూ కలిపి 1934 లోపు 60,000కి పైగా ఇళ్ళు కట్టారు. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే ఇళ్ళ సముదాయం అయితే కిలోమీటరు పైన పొడవు, అందులోనే లాండ్రీలు, పిల్లల బడి, లైబ్రరీ. అసలు సంగతేంటంటే వాళ్ళు వాటిని అమ్ముకోలేదు, నగరమే అద్దెకిస్తూ వచ్చింది, ఈరోజుకీ వియన్నాలో సుమారు సగం మంది ఉండేది నగరం ఇళ్ళలోనో సబ్సిడీ ఇళ్ళలోనో. సింగపూర్‌ది ఇంకో దారి, 1960లో హౌసింగ్ బోర్డు పెట్టి, 1966లో భూసేకరణ చట్టం తెచ్చి తక్కువ ధరకే భూమి తీసుకుని కట్టారు (భూమి పోయినవాళ్ళకి అది అన్యాయంగానే అనిపించి ఉంటుంది, అదీ చెప్పుకోవాలి), ఇప్పుడు అక్కడివాళ్ళల్లో నూటికి 80 మంది దాకా ఆ ఫ్లాట్లలోనే ఉంటున్నారు.

బ్రిటన్ దీనికి రివర్స్‌లో వెళ్ళింది. 1980లో ప్రధాని థాచర్ ప్రభుత్వం, కౌన్సిల్ ఇళ్ళల్లో (అంటే స్థానిక పాలకులు అద్దెకిచ్చే ఇళ్ళల్లో) ఉంటున్నవాళ్ళే డిస్కౌంట్‌లో వాటిని కొనుక్కోవచ్చని చట్టం చేసింది. కొనుక్కున్న కుటుంబాలకి మంచే జరిగింది, నేను కాదనను, ఆ స్థితిలో నేనున్నా కొనేవాణ్ణి. కానీ లక్షల ఇళ్ళు అమ్మి వాటి బదులు అన్ని కట్టలేదు, అమ్మినవాటిల్లో చాలా ఇళ్ళు తర్వాత ప్రైవేట్ ఓనర్ల చేతికెళ్ళి ఎక్కువ అద్దెకి తిరిగొచ్చాయి, ఆ అద్దె కట్టలేనివాళ్ళకి సాయం చెయ్యడానికి మళ్ళీ ప్రభుత్వమే డబ్బు పెడుతోంది.

ఎన్నికలొస్తే అందరూ చెప్పేది కొనేవాళ్ళకి సబ్సిడీ ఇస్తాం, వడ్డీ తగ్గిస్తాం అనే. వినడానికి బానే ఉంటుంది. ఉన్న పది ఇళ్ళకే ఇరవై మంది పోటీ పడుతుంటే ఆ ఇరవై మంది చేతిలోనూ ఇంకాస్త డబ్బు పెడితే ఏమవుతుంది, ఆ కాస్తా అమ్మేవాడి ధరలో కలిసిపోతుంది, అంతే. అద్దె మీద పరిమితి పెట్టమంటే నేనూ సంతకం పెడతా, మా ఇంట్లో రేపే అవసరం అది, కానీ కొత్త ఇళ్ళు రాకుండా అదొక్కటే పెడితే ఉన్నవాళ్ళు కదలరు, కొత్తగా వచ్చేవాళ్ళకి దొరకదు.

ఈసారి ఓటుకోసం వచ్చినవాళ్ళని నేను రెండే అడుగుతా, ప్రభుత్వ స్థలం ఎంత ఉంది, అందులో ఎప్పటికీ అమ్మకుండా అద్దెకే ఉంచే ఇళ్ళు ఎన్ని కడతారు, ఏ సంవత్సరానికి. వాళ్ళొచ్చేసరికి ఏ గుమ్మంలో నిలబడి అడుగుతానో మాత్రం తెలీదు, ఆదివారం మళ్ళీ ఇళ్ళు చూడ్డానికి వెళ్తున్నాం.