స్వేల్స్ గారి కోసం వెళ్తే ముందు నా పేరు తేల్చమన్నారు

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. చల్లారితే మర్యాదగా రాసేస్తాను, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

మేముండేది సౌత్ కరోలినా రాజధాని కొలంబియాలో. మా తెలుగు సంఘం ఉగాది సంచికకి ఈసారి "మనం ఉంటున్న నేల" మీద వ్యాసాలు కావాలన్నారు. ఒకరు బీచ్ రాస్తామన్నారు, ఇంకొకరు పీచ్ తోటలన్నారు. నేను స్టీఫెన్ స్వేల్స్ అన్నాను. "ఎవరండీ ఆయన?" అన్నారు కమిటీవాళ్లు. నాకూ పెద్దగా తెలీదు, కింగ్‌స్ట్రీ మీదుగా వస్తుంటే రోడ్డు పక్కన ఫలకం మీద చూసిన పేరంతే. అమెరికా అంతర్యుద్ధంలో సిపాయి, తర్వాత రాష్ట్ర సెనేటరు, నల్లజాతి మనిషి.

సిపాయి జీవితం వరకూ పని సులువే. అమెరికా ప్రభుత్వ పాత రికార్డులుండే నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగులో, ఆయన చేరిన నల్లజాతి సిపాయిల పటాలం, 54వ మసాచుసెట్స్ కార్డులు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు, పైసా ఖర్చులేదు. నెలకింత అని గుంజే వంశవృక్షాల సైట్లకి కార్డు నంబరు ఇచ్చే ముందు ఇక్కడ చూడండి. ఒక్కటే జాగ్రత్త: ఆయన 1832లో పుట్టింది పెన్సిల్వేనియాలోని కొలంబియాలో. మా కొలంబియా వేరు. వెతికేటప్పుడు రెండూ కలిసిపోయి తల తినేస్తాయి.

ఆ కార్డులు చూస్తూ ఒక రాత్రి నిద్రపోలేదు. ఎత్తెంత, కళ్లేం రంగు, జుట్టేం రంగు, ఛాయేమిటి, అన్నిటికీ గడులే. న్యూయార్క్ రాష్ట్రంలో హోటల్లో వెయిటరుగా చేసిన మనిషి 1863లో పటాలంలో చేరి ఫస్ట్ సార్జెంటు అయ్యాడు. తెల్ల సిపాయికి నెలకి 13 డాలర్లు. ఈ నల్ల సిపాయిలకి 10 అని చెప్పి, అందులో 3 బట్టలకని పట్టుకున్నారు. పటాలం మొత్తం ఆ జీతం ముట్టనంది. ఏడాది పైన ఉత్తచేతుల్తో యుద్ధం చేశారు. 1864 జనవరిలో స్వేల్స్ పైవాళ్లకి ఉత్తరం రాశాడు: నా వంతు ఒప్పందం నేను నిలబెట్టుకున్నా, ప్రభుత్వం తన వంతు నిలబెట్టుకోలేదు, కాబట్టి నన్ను పంపించెయ్యండి అని. అడుక్కోవడం కాదు, నిలదీయడం! పంపలేదు. మరుసటి నెల ఫిబ్రవరి 20న ఫ్లోరిడాలో ఒలస్టీ దగ్గర తలకి తూటా దెబ్బ తగిలింది. మార్చిలో మసాచుసెట్స్ గవర్నరు ఆండ్రూ ఆయన్ని సెకండ్ లెఫ్టినెంటుని చేశాడు. వార్ డిపార్టుమెంటు ఒప్పుకోలేదు. మనిషిలో ఆఫ్రికా రక్తం ఉంది కాబట్టి ఆఫీసరుగా రాయం అన్నారు. 1865 జనవరి దాకా నానబెట్టి అప్పుడు రాశారు.

ఈ ముక్క చదివినప్పుడు "పాపం" అనుకున్నానంతే. నా వంతు వస్తుందని అనుకోలేదు.

సెనేటరు జీవితానికి ఆ కాలం సెనేట్ జర్నళ్లు చూడాలి. అవి ఒక రికార్డుల గదిలో ఉన్నాయన్నారు. ఆ గది పేరూ ఊరూ చెప్పను. బ్యాగు, పెన్ను, నీళ్లసీసా లాకర్లో పెట్టాలి, పెన్సిల్ మాత్రమే లోపలికి. అంతవరకూ బానే ఉంది. రీడర్ కార్డుకి ఫారం నింపమన్నారు. నా పేరు, మా ఇంటిపేరు రాశాను. కౌంటరు దగ్గరావిడ నా లైసెన్సు చూసింది, ఫారం చూసింది, మళ్లీ లైసెన్సు చూసింది.

సంగతేమిటంటే నా పాస్‌పోర్టులో పేరూ ఇంటిపేరూ ఒకే గడిలో కలిపి ఉన్నాయి, ఇంటిపేరు గడి ఖాళీ. అప్పట్లో తెనాలిలో ఏజెంటు నింపిన నిర్వాకం. వీసా కొట్టినప్పుడు మొత్తం పేరు ఇంటిపేరైపోయి, మొదటి పేరు దగ్గర ఎఫ్.ఎన్.యు. అని పడింది. పేరు తెలియదు అని అర్థం. లైసెన్సులోనూ అదే దిగింది. మనవాళ్లు ఎంతమంది ఈ మూడక్షరాలు మోస్తున్నారో మీకు తెలుసు.

"ఈ ఫారంలో ఉన్న మనిషి మీరు కాదు కదా," అంది.

నేనే అన్నాను. పాస్‌పోర్టు ఫోన్లో చూపించాను. ఫోటో చెల్లదంది. ఇండియాలో పేర్లు ఇలా ఉంటాయి అని మొదలుపెట్టేసరికి చెయ్యి ఎత్తింది, ట్రాఫిక్ పోలీసులా. వెనక్కి తిరిగి లోపలున్న అతనికి వినబడేలా, "ఇక్కడ ఒక ఫ్నూ ఉన్నారు, ఏం చెయ్యాలి?" అని కేకేసింది. గదిలో చదువుకుంటున్న ముసలాయన కళ్లజోడు దించి చూశాడు. ఒకమ్మాయి నవ్వాపుకుంది. నేను తెనాలిలో పదేళ్లు పిల్లలకి సోషల్ చెప్పినదాన్ని. హాజరు పట్టీలో ఒక్క పిల్లాడి పేరు తప్పు పలకలేదు. ఆ నిమిషంలో నాకు ఇంగ్లీషూ రాలేదు, తెలుగూ రాలేదు.

లోపలి నుంచి అతనొచ్చాడు. మాట మెత్తగానే ఉంది. లైసెన్సులో ఎలా ఉంటే ఫారంలో అలాగే రాయాలి, ఇంకో దారి లేదన్నాడు. కొత్త ఫారం ఇచ్చాడు. మొదటి పేరు గడిలో నా చేత్తో నేను ఆ మూడక్షరాలు రాశాను. కార్డు వచ్చింది. ఆవిడ దాన్ని నా ముందుకి తోసి, "చూశారా, ఎంత సులువో," అంది.

మావారు "పోనిద్దూ, పని అయింది కదా" అన్నారు. ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరుగా ఉంది, ఆయనకేం తెలుస్తుంది? పిల్లల పాస్‌పోర్టులు చేయించేవాళ్లు రెండు గడులూ నింపించండి. ఏజెంటు "ఏం పర్లేదండీ" అంటే మాత్రం అస్సలు వినకండి.

జర్నళ్లు చేతికొచ్చాక మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. 1868లో ఆయన రాష్ట్ర రాజ్యాంగ సభలో కూర్చున్నాడు. అదే ఏడు విలియమ్స్‌బర్గ్ కౌంటీ తరఫున సెనేటరయ్యాడు, తర్వాత సెనేట్ ప్రెసిడెంట్ ప్రో టెంపోర్ కూడా, అంటే అసలు అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపేవాడు. కింగ్‌స్ట్రీకి మేయరు, పత్రిక నడిపాడు, లాయరుగా కేసులు వాదించాడు. ఆఫీసరని రాయడానికి చెయ్యి రాని దేశంలో, కొన్నేళ్లకే ఆయన కుర్చీలో కూర్చుంటే లేచి మాట్లాడటానికి అనుమతి అడగాల్సింది మిగతా సెనేటర్లు. వేలితో ఆ పేరు కిందే గీతలా నడుచుకుంటూ పోయాను. నేను చదివిన ఎమ్మే హిస్టరీలో అమెరికా అంటే లింకన్, అంతటితో సరి. ఈ సంచికలో ఇంత పని చేసిన వ్యాసం ఇంకోటి ఉంటే చూపించమనండి.

రాత్రి కమిటీ నుంచి ఫోను. వ్యాసం నాలుగు పేజీలైంది, రెండుకి తగ్గించాలట, ఒక రియల్టరు ఫుల్‌పేజీ ప్రకటన ఇచ్చాడట. "చివర్న గొడవలున్నాయి కదండీ, అవి తీసేద్దాం, పండగ సంచిక," అన్నారు.

చివర్నున్న గొడవేమిటంటే: 1876 ఎన్నికల తర్వాత, అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం జనరలైన వేడ్ హాంప్టన్ గవర్నరయ్యాడు, పాత తెల్ల దొరల రాజ్యం తిరిగొచ్చింది. 1878లో స్వేల్స్‌ని చంపుతామని బెదిరించి ఊరు వదిలిపెట్టించారు. వాషింగ్టన్ వెళ్లి ప్రభుత్వాఫీసుల్లో ఉద్యోగం చేసుకున్నాడు. 1900లో చనిపోయాడు, చార్లెస్టన్‌లో పూడ్చారు. ఇక్కడ కొలంబియాలో స్టేట్‌హౌస్, అంటే రాష్ట్ర శాసనసభ భవనం, ఆవరణలో హాంప్టన్ మాత్రం విగ్రహమై గుర్రమెక్కి ఉన్నాడు. మన పిల్లలు ఫీల్డ్ ట్రిప్‌లో వెళ్లి దాని ముందే ఫోటోలు దిగొస్తారు.

పుట్టుక, వెయిటరు ఉద్యోగం, సెనేట్ కమిటీలు, ఏది కావాలంటే అది కొయ్యమన్నాను. 1878 కోస్తే వ్యాసం వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ప్రెసిడెంటు గారితో మాట్లాడి చెప్తామన్నారు. ఇంకా చెప్పలేదు.