పొర కరిగింది, కానీ ఎంజైమ్ వల్ల కాదు

పీహెచ్‌డీలో నా మొదటి ఏడాదంతా ఒక పలచని జెలటిన్ పొర చుట్టూనే తిరిగింది. చెయ్యాల్సింది ట్రిప్సిన్‌ను, అంటే క్లోమం నుంచి వచ్చి ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌ను, పసిగట్టే బయోసెన్సర్. జెలటిన్ ప్రోటీనే కాబట్టి ట్రిప్సిన్ దాన్ని కోసేస్తుంది. బంగారు పూత వేసిన క్వార్ట్జ్ బిళ్ల మీద ఆ పొర పరిచి, ఎంత వేగంగా అరుగుతోందో చూస్తే ఎంజైమ్ ఎంతుందో చెప్పొచ్చు. ఆలోచన పాతదే. ఒకప్పుడు డాక్టర్లు పిల్లల మలాన్ని ఎక్స్‌రే ఫిల్మ్ మీద ఉంచి, దాని జెలటిన్ పూత కరుగుతుందో లేదో చూసి క్లోమం పనితీరును అంచనా వేసేవారు. అది చదివిన రోజే ఈ పని నా మనసుకు పట్టింది.

కరెంటు ఇస్తే ఈ బిళ్ల కంపిస్తుంది. దాని మీద బరువు తగ్గితే ఆ కంపనాల ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. 1959 నాటి సావర్‌బ్రే సూత్రం ప్రకారం 5 మెగాహెర్ట్జ్ బిళ్లకు 1 హెర్ట్జ్ మార్పంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 17.7 నానోగ్రాములు.

మొదటిసారి 37 డిగ్రీల దగ్గర ట్రిప్సిన్ పోయగానే స్క్రీన్ మీద ఫ్రీక్వెన్సీ గీత జర్రున పైకి లేచింది. పరుగున వెళ్లి సీనియర్ అక్కకు చూపించాను. "ఒట్టి బఫర్ పోసి చూశావా?" అంది, అంటే ఎంజైమ్ కలపని ద్రావణం. చూడలేదు. ఆ సాయంత్రమే పోశాను. అదే గీత! ఆ వెచ్చదనానికే జెలటిన్ కరిగిపోతోంది, ఎంజైమ్‌తో పనే లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొర నిలబడాలంటే గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనం ఆవిరి పట్టించి జెలటిన్ గొలుసులను ఒకదానికొకటి ముడివేయాలి. బాగా గట్టిపడాలని ఎక్కువసేపు పట్టించాను. ఈసారి బఫర్‌కు చెక్కుచెదరలేదు, ట్రిప్సిన్‌కూ చెక్కుచెదరలేదు. మూడు వారాలు పోయాక గానీ కారణం తట్టలేదు. ట్రిప్సిన్ కోసేది గొలుసులో లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాత. గ్లూటరాల్డిహైడ్ ముడిపడేది ముఖ్యంగా ఆ లైసిన్‌తోనే. కత్తి దిగాల్సిన చోట్లనే నేను ముడులు వేశాను. ఆవిరి పట్టే సమయాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావడానికి ఇంకో నెల పట్టింది.

మధ్యలో ట్రిప్సిన్ కూడా ఏడిపించింది. పీహెచ్ 8 బఫర్‌లో కలిపి పెట్టేస్తే తనను తానే కోసుకుని బలం కోల్పోతుంది. అప్పటి నుంచి ట్రిప్సిన్ నిల్వ ద్రావణాన్ని పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, చల్లగా ఉంచుతున్నాను.

చివరికి వచ్చిన గీత ముందు కాస్త కిందికి దిగింది, పొర నీరు పీల్చి ఉబ్బింది కాబట్టి. తర్వాత నెమ్మదిగా పైకి ఎక్కింది. ఉబ్బిన మెత్తటి పొరకు సావర్‌బ్రే లెక్క సరిగ్గా కుదరదు, అందుకే బరువు జోలికి పోకుండా గీత వాలునే కొలిచాను. ఎంజైమ్ పెంచినకొద్దీ వాలు పెరిగింది.

అయినా భయమే. సోయా చిక్కుడు నుంచి తీసిన ట్రిప్సిన్ నిరోధకం కలిపి మళ్లీ పోశాను. అక్క, నేను స్క్రీన్ ముందు గంటసేపు కూర్చున్నాం. ఉబ్బినంత ఉబ్బాక గీత మళ్లీ పైకి లేవలేదు.