ముందు శిష్యుడికి సలాం

తిరుపతి నుంచి ఢిల్లీ వెళ్ళే ఏపీ సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్ పెట్టెల మీద ‘తిరుపతి – హజ్రత్ నిజాముద్దీన్’ అని రాసి ఉంటుంది. ఇటు చివర ఏడుకొండలవాడి ఊరు, అటు చివర ఒక సూఫీ మహాత్ముడి పేరు పెట్టుకున్న స్టేషన్. మనవాళ్ళు చాలామంది అక్కడ దిగి, ఆటో మాట్లాడుకుని ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ పేరుగల మహనీయుడు అక్కడికి దగ్గర్లోనే ఏడు వందల ఏళ్ళుగా పవళించి ఉన్నాడని తలుచుకునేవాళ్ళు తక్కువ. ఈసారి మేం ఆయన కోసమే ఆ రైలెక్కాం.

బృందంలో సగం ముస్లింలు, సగం హిందువులు. మన వైపు ఇది వింతేమీ కాదు. కసుమూరు మస్తాన్‌వలికి మొక్కుకుని పుట్టిన మస్తానయ్యలు, మస్తానమ్మలు నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో ఏ ఊళ్ళో లేరు? రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె పట్టుకున్నవాళ్ళు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. దర్గాలు చూపించడానికి మాకు దారి చెప్పిన పెద్దాయన కడపలో రైలెక్కారు. పెద్ద దర్గాలో చదివించిన చక్కెర పొట్లం విప్పి అందరి చేతుల్లో తలా చిటికెడు వేశారు. అప్పటి నుంచి ఆయన మా అందరికీ మామే.

మామ పెట్టిన నియమం ఒక్కటే. “నిజాముద్దీన్ ఔలియా దగ్గరికి నేరుగా పోకూడదమ్మా. ముందు ఖుస్రో సాబ్‌కి సలాం చెప్పాలి. ఆయన్ని దాటిపోతే లోపలాయన పలకడు.” ఇది మామ సొంత పట్టింపు కాదు, అక్కడ తరతరాలుగా వస్తున్న ఆనవాయితీ. కవి అమీర్ ఖుస్రో ఔలియాకి ప్రియశిష్యుడు. జియారత్‌కి, అంటే దర్గా దర్శనానికి వచ్చినవాళ్ళు మొదట శిష్యుడి సమాధి దగ్గర పూలు చల్లి, ఆ తర్వాతే గురువు దగ్గరికి వెళతారు.

తిరుపతి వాళ్ళకి ఇది వినగానే వరాహస్వామి గుర్తుకొస్తాడు. పుష్కరిణి ఒడ్డున ఆయన్ని చూసుకున్నాకే శ్రీవారి దర్శనం. కానీ ఆ క్రమం వెనకున్న కారణం వేరు. కొండ ఆదివరాహుడిది, చోటిచ్చిన ఆయనకి తొలి పూజ, తొలి నైవేద్యం స్వామి ఇచ్చిన మాట. ఢిల్లీలో మొదటి సలాం అందుకునేవాడు చోటిచ్చినవాడు కాదు, చోటు దొరకబుచ్చుకున్నవాడు. అసలు అతనికే ఎందుకు ముందు? నా మనసు అక్కడే ఆగిపోయింది.

ఖుస్రో 1253లో పుట్టాడు. జీవితమంతా కొలువు చేశాడు. ఢిల్లీ గద్దె మీద సుల్తాన్లు మారారు, వంశాలే మారాయి. బల్బన్ రోజుల్లో మొదలుపెట్టి, ఖిల్జీలను దాటి, తుగ్లక్ దాకా ఈయన దర్బారులో ఉంటూనే వచ్చాడు. గెలిచినవాణ్ణి పొగడడం ఆయన ఉద్యోగం. మన ఓరుగల్లును మాలిక్ కాఫుర్ ముట్టడించి, 1310లో ప్రతాపరుద్రుణ్ణి లొంగదీసిన కథనూ ఆయనే రాశాడు, గెలిచినవాళ్ళ వైపు నుంచి. తెలుగువాళ్ళకి ఆ సంగతి తెలిస్తే మనసు ఒక్క క్షణం వెనక్కి తగ్గుతుంది. నాకూ తగ్గింది. గురువు చూస్తే పూర్తిగా వేరు. నిజాముద్దీన్ ఔలియా సుల్తాన్ల దర్బారు తొక్కలేదు. సుల్తానే చూడ్డానికి వస్తానంటే, నా ఇంటికి రెండు వాకిళ్ళున్నాయి, ఆయన ఒక దాంట్లోంచి వస్తే నేను రెండో దాంట్లోంచి వెళ్ళిపోతానని కబురు పెట్టాడట.

అలాంటి గురువు ఇలాంటి శిష్యుణ్ణి కొలువు మానేసి రమ్మనలేదు. నాకు అర్థమైనంతలో కీలకం ఇక్కడే ఉంది. ఆ ప్రాంగణంలో పడుకున్న మహనీయుల్లో మనకి దగ్గరివాడు ఖుస్రో. జీతం, పైఅధికారి మెప్పు, రేపు ఎవరు గద్దె ఎక్కుతారో అన్న టెన్షన్, ఇన్ని పెట్టుకుని సాయంత్రానికి గురువు దగ్గరికి చేరిన మనిషి. ఔలియా లాంటి నిష్ఠ మనకు చేతకాదు. ఖుస్రోలాగా ప్రేమించడమైతే ప్రయత్నించవచ్చు. అందుకే మనం ముందు అతని దగ్గర నిలబడతాం.

ఆ ప్రేమ గురించి మామ చెప్పిన కథ అక్కడ అందరూ చెప్పుకునేదే. ఒక పేదవాడు సాయం కోరి ఔలియా దగ్గరికి వచ్చాడు. ఇవ్వడానికి ఇంట్లో ఏమీ లేక, ఔలియా తన పాత చెప్పుల జత ఇచ్చి పంపాడు. అదే దారిలో ఖుస్రో బోలెడు సంపదతో ఢిల్లీకి తిరిగొస్తున్నాడు. గాలిలో నా గురువు పరిమళం వస్తోందేమిటని వెతికితే, ఆ పేదవాడి మూటలో చెప్పులు కనిపించాయి. ఉన్న సొత్తంతా అతని చేతిలో పెట్టి, ఆ చెప్పుల్ని తలపాగాలో చుట్టి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఔలియా నవ్వి, చాలా చవగ్గా కొన్నావు ఖుస్రో అన్నాడట.

కథ వింటూ మా బృందంలో ఒక పెద్దావిడ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. అలిపిరి పాదాల మండపంలో శ్రీవారి పాదుకల్ని నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసిన చేతులు అవి. ఆమెకి ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

1325లో ఔలియా కన్నుమూసినప్పుడు ఖుస్రో సుల్తాన్ వెంట బెంగాల్ వైపు ఉన్నాడు. కబురు విని తిరిగొచ్చాడు, ఆరు నెలలకే తనూ పోయాడు. గురువు కాళ్ళ వైపు కొద్ది దూరంలో అతన్ని పెట్టారు. తిరుమల గర్భాలయం ముందు గడపని కులశేఖర పడి అంటారు. రాజై ఉండి కూడా, నీ గుమ్మం ముందు మెట్టునై పడి ఉండి నీ మోము చూస్తే చాలని వేడుకున్న ఆళ్వారు పేరది. ఒకరు రాజు, ఒకరు రాజుల దగ్గర జీతగాడు. ఇద్దరూ కోరి చేరింది పాదాల దగ్గరికే.

ఖుస్రో దగ్గర గులాబీ రేకులు చల్లి, ఇలాచీదానా మిఠాయి పొట్లం అక్కడ చదివించి గురువు దగ్గరికి నడిచాం. ఆడవాళ్ళని ఔలియా సమాధి గదిలోకి రానివ్వరు. పాలరాతి జాలీ, అంటే చిల్లుల తెర దగ్గర కూర్చుని ప్రార్థించుకోవాలి. చివుక్కుమంది, దాచను. మామ కూడా దాన్ని సమర్థించలేదు, ఆచారం అలా ఉందమ్మా అని ఊరుకున్నారు. జాలీకి కట్టిన దారాలు ఎర్రవి, పసుపువి, కొన్ని వెలిసి బూడిదరంగుకి తిరిగినవి. ఆ దారాల సందుల్లోంచే చూశాను. లోపల సమాధి మీద కప్పిన చాదర్ అంచు, దాని మీద పూలు, వంగిన ఒక తల. నేను ప్రార్థన చేయడానికి అది చాలింది.

అక్కడికి నాలుగడుగుల్లో షాజహాన్ కూతురు జహానారా సమాధి ఉంది. 1681లో పోయింది. మహాచక్రవర్తి కూతురు, మనసంతా చిష్తీ అనే ఈ సూఫీ పరంపర గురువుల మీదే. ఆమె సమాధికి పైకప్పు లేదు. నడుమ రాయి కూడా లేదు, మట్టి, దాని మీద పెరిగిన గడ్డి. నా సమాధిని పచ్చని గడ్డి తప్ప మరేదీ కప్పవద్దు, పేదరాలికి అది చాలు అన్న అర్థంతో పారశీకంలో శిలాఫలకం ఉంది. మామ చదివి చెబితే అందరం కాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఢిల్లీలోనే మెహ్రౌలీలో కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గా, ఆపైన అజ్మీర్ దర్గా. అజ్మీర్ జనసంద్రం. అక్బర్ ఇచ్చిన పెద్ద డేగ్ (వంట కాగు), జహంగీర్ ఇచ్చిన చిన్న డేగ్, వాటిలో బియ్యం, నెయ్యి, చక్కెర, ఎండుపళ్ళతో వండే తీపి అన్నం. మాంసం వేయరు, ఎవరొచ్చినా తినగలగాలి కదా. ఆ అన్నం చేతిలో పడ్డాక మామ నడిపించిన దారి నాకు తెలిసింది. ఖుస్రో గురువు నిజాముద్దీన్. నిజాముద్దీన్ గురువు బాబా ఫరీద్, ఆయన సమాధి ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఫరీద్ గురువు బఖ్తియార్ కాకీ. కాకీ గురువు 1236లో అజ్మీర్‌లో కన్నుమూసిన ఖ్వాజా మొయినుద్దీన్. మా నాన్న రోజూ పొద్దున్నే చెప్పుకునే ‘అస్మద్గురుభ్యో నమః, అస్మత్పరమగురుభ్యో నమః’ కూడా ఇలాగే దగ్గరి గురువుతో మొదలై పైకి వెళుతుంది.

ఈ గొలుసు ఢిల్లీ నుంచి దక్షిణానికీ దిగింది. నిజాముద్దీన్ తర్వాత నసీరుద్దీన్, ఆయన శిష్యుడు ఖ్వాజా బందానవాజ్. తైమూర్ దండయాత్ర రోజుల్లో ఢిల్లీ విడిచి దక్కన్‌కి వచ్చి, 1422లో గుల్బర్గాలో కన్నుమూశారు. అజ్మీర్ నుంచి తిరిగొస్తూ రైల్లోనే మామని అడిగాం, వచ్చే ఉరుసుకి మమ్మల్ని గుల్బర్గా తీసుకెళ్ళమని. సరేనన్నారు. తలా ఒక చాదర్ ఇంటి దగ్గరే కొనుక్కుని రమ్మన్నారు.